అన్నిటికీ ఒకే రిమోట్ పెట్టుకోవాలంటే

కొత్త రిమోట్ కొనేముందు ఇంట్లో ఉన్న పాతవన్నీ ఒకచోట పోయండి. ఫోన్ కెమెరా ఆన్ చేసి, ఒక్కో రిమోట్ మూతిని దానికి చూపిస్తూ బటన్లు నొక్కండి. తెల్లగానో ఊదాగానో మినుకుమంటే అది ఇన్‌ఫ్రారెడ్ రిమోట్, అంటే కంటికి కనపడని కాంతితో సిగ్నల్ పంపేది. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలో ఇది కనపడదు, సెల్ఫీ కెమెరాతో చూడండి. బ్యాటరీ బాగానే ఉండి కూడా ఏమీ కనపడలేదంటే అది బ్లూటూత్ మీదో రేడియో మీదో నడుస్తున్నట్టే. ఇక్కడో తిరకాసుంది: స్ట్రీమింగ్ స్టిక్‌లతో వచ్చే కొన్ని రిమోట్లు టీవీ వాల్యూమ్‌కి ఇన్‌ఫ్రారెడ్, స్టిక్‌కి బ్లూటూత్ వాడతాయి, కాబట్టి ఒక్క బటన్ చూసి వదిలేయకండి. మామూలు యూనివర్సల్ రిమోట్‌కి ఇన్‌ఫ్రారెడ్ తప్ప ఇంకేమీ రాదు. ఈ పరీక్ష చేయకుండా కొనేసి, తర్వాత రిమోట్‌ని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

సెట్ చేయడానికి దారులు రెండు. కొత్త రిమోట్‌తో వచ్చిన పుస్తకంలో టీవీ కంపెనీ పేరు వెతికి కోడ్ కొట్టడం ఒకటి, పాత రిమోట్ నుంచి నేర్పించడం రెండోది. కోడ్ కొట్టేస్తే పని త్వరగా అయిపోతుంది కానీ తరచుగా పవర్, వాల్యూమ్ పనిచేసి మెనూ పనిచేయదు. అందుకే లెర్నింగ్ ఉన్న రిమోటే తీసుకోమంటాను. రెండు రిమోట్లనూ బల్ల మీద ఎదురెదురుగా, నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో పెట్టి, పాతదాని బటన్ ఒకసారి పొట్టిగా నొక్కాలి. గట్టిగా నొక్కి పట్టుకుంటే అదే సిగ్నల్ పదేపదే రికార్డై, తర్వాత ఛానెల్ ఒకటి మార్చబోతే రెండు మూడు దూకుతుంది. ఎండ నేరుగా పడే చోట ఈ పని పెట్టుకోకండి.

ఏసీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. టీవీ రిమోట్ "వాల్యూమ్ పెంచు" అని మాత్రమే చెబుతుంది, కానీ డిస్‌ప్లే ఉన్న ఏసీ రిమోట్లు దాదాపు అన్నీ ఏ బటన్ నొక్కినా మోడ్, టెంపరేచర్, ఫ్యాన్ స్పీడ్ మొత్తం కలిపి పంపుతాయి. 24 నుంచి 25కి పెంచే నొక్కుడు నేర్పిస్తే, కొత్త రిమోట్‌లో ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కినా 25 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఏసీకి బటన్లు నేర్పించకండి, స్థితులు నేర్పించండి. "24 కూల్" ఒక బటన్, "27, ఫ్యాన్ నెమ్మది" ఇంకొకటి, ఆఫ్‌కి వేరేది. నాలుగు చాలు.

ఒక్క నొక్కుతో టీవీ, సెట్‌టాప్ బాక్స్, సౌండ్‌బార్ అన్నీ ఆన్ అవ్వాలని మాక్రో (ఒకే బటన్‌లో వరుసగా పేర్చిన సిగ్నల్స్) పెట్టుకుంటే ఇంకో తలనొప్పి మొదలవుతుంది. చాలా పరికరాలకి ఆన్, ఆఫ్ రెండూ ఒకే సిగ్నల్. టీవీ అప్పటికే ఆన్‌లో ఉంటే మీ మాక్రో దాన్ని ఆర్పేసి మిగతావాటిని వెలిగిస్తుంది. మీ మోడల్‌కి ఆన్, ఆఫ్ విడివిడి కోడ్‌లు దొరుకుతాయేమో చూడండి, లేదంటే టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ (హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి ఆన్, ఆఫ్ చేసుకునే ఏర్పాటు) ఆన్ చేసి ఆ పని వాటికే వదిలేయండి. ఇన్‌పుట్ మార్చే ముందు కొన్ని సెకన్ల గ్యాప్ ఇవ్వండి, అప్పుడే లేచిన టీవీ మాట వినదు.

ఇక లైట్లు. మామూలు బల్బుకి ఏ రిమోట్ భాషా తెలియదు, బల్బైనా మారాలి, స్విచ్ అయినా మారాలి. చిన్న రిమోట్‌తో వచ్చే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు చాలావరకు ఇన్‌ఫ్రారెడ్డే, వాటికి లెర్నింగ్ సరిపోతుంది. వైఫై స్మార్ట్ బల్బులకి మాత్రం ఫోన్ యాప్‌తో నడిచే ఇన్‌ఫ్రారెడ్ హబ్ (ఫోన్ చెప్పింది ఇన్‌ఫ్రారెడ్‌గా మార్చి పంపే చిన్న డబ్బా) నయం, రెండూ ఒకే యాప్‌లో పనిచేసేవైతే బల్బులూ పాత రిమోట్లూ ఒకేచోటికి వస్తాయి. సెటప్ మధ్యలో ఆగిపోతే రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, వీటిలో చాలావాటికి 5 పట్టదు. హబ్ సిగ్నల్ గోడ దాటదు, గదికొకటి కావాలి. స్మార్ట్ బల్బు పెట్టాక గోడ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలి, ఇంట్లో అందరితో స్విచ్ ఆర్పే అలవాటు మాన్పించడం వైరింగ్ కంటే కష్టం! అది కుదరదనుకుంటే స్విచ్ బోర్డు వెనక పెట్టే, ఫోన్ నుంచి నడిచే చిన్న స్విచ్ మాడ్యూల్ మేలు. చాలావాటికి బోర్డులో న్యూట్రల్ వైరు ఉండాలి, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. డిమ్మబుల్ అని రాయని ఎల్‌ఈడీ బల్బుకి డిమ్మర్ (వెలుతురు తగ్గించే స్విచ్) తగిలించకండి.

అంతా అయ్యాక పాత రిమోట్లు పారేయకండి. బ్యాటరీలు తీసేసి రిమోట్లని ఒక డబ్బాలో దాచండి, మళ్లీ నేర్పించాల్సి వస్తే అవే దిక్కు.