న్యూపోర్ట్ నుంచి చిన్న పడవలో చేపల వేటకు: జాగ్రత్తలు

అమెరికాలోని ఆరెగాన్ తీరంలో ఉన్న న్యూపోర్ట్ నుంచి చిన్న పడవలో రెండు రోజుల వేటకు బయలుదేరేవారు అన్నిటికంటే ముందు యాక్వినా బే అనే అఖాతం సముద్రంలో కలిసే ముఖద్వారాన్ని గురించి ఆలోచించాలి. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గేటప్పుడు, బయటికి ఉరికే నీరు ఎదురొచ్చే అలలను తాకి వాటిని నిటారుగా లేపి విరగ్గొడుతుంది కాబట్టి, కోస్ట్ గార్డ్ ఇచ్చే సమాచారం విని, పోటు చివరి వేళలో దాటేలా రాకపోకలు రెండింటినీ నిర్ణయించుకోవాలి. సందేహం కలిగితే ఆ రోజు వేట మానుకోవాలి.

లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటిమీద ఉండాలి. ఆ చల్లని నీటిలో పడ్డాక తొడుక్కోవడం దాదాపు అసాధ్యం. వీహెచ్‌ఎఫ్ రేడియో పనిచేస్తున్నదో లేదో చూసుకుని, ఆపదలో పిలవడానికి వాడే 16వ ఛానల్ వింటూ ఉండాలి. తిరిగివచ్చే వేళను ఒడ్డున ఒకరికి చెప్పాలి.

సముద్రపు అడుగున రాళ్ల దగ్గర ఉండే రాక్‌ఫిష్ అనే చేపను లోతు నుంచి లాగితే దాని గాలితిత్తి ఉబ్బి, వదిలినా మునగలేక చనిపోతుంది. అందుకే దాన్ని తిరిగి లోతుకు దింపే పరికరం పడవలో ఉండాలన్నది అక్కడి నిబంధన, న్యాయమైన నిబంధన కూడా.

డంజెనెస్ పీతల్లో 5¾ అంగుళాల వెడల్పుకు తగ్గని మగవాటినే ఉంచుకోవాలి కనుక కొలబద్దను మరవకూడదు. సముద్రంలో వాటి వేటకు అక్టోబరు 16 నుంచి నవంబరు 30 వరకు విరామం.