రెండు యూనిట్ల మీదకి ఒకేసారి చార్జ్ చేసే ముందు

బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధపు ఆట వార్‌హామర్ 40,000లో, ఒకే చార్జ్‌తో (అంటే కొట్లాటకి శత్రువు మీదకి దూసుకెళ్లడంతో) రెండు మూడు శత్రు యూనిట్లను, అంటే బొమ్మల దళాలను, పట్టేస్తే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. బెడిసికొడితే మాత్రం మామూలుగా బెడిసికొట్టదు. నేను చెప్పేదంతా 2023లో వచ్చిన 10వ ఎడిషన్ లెక్క. మీరు ఆడేది ఇంకోటైతే ముందు దాని రూల్‌బుక్ తెరవండి. దీని తోబుట్టువు లాంటి ఆట ఏజ్ ఆఫ్ సిగ్మార్‌లో అయితే డైస్ వేయకముందే టార్గెట్ పేరు చెప్పే పనే లేదు. ఇక్కడ చెప్పాలి, చిక్కంతా అక్కడే.

12 అంగుళాల లోపున్న వాటిలో ఎవరెవరి మీదకి వెళ్తున్నారో ముందే ప్రకటించాలి. తర్వాత రెండు డైస్ వేస్తారు. వచ్చిన మొత్తమే మీరు కదలగల అంగుళాలు. దాంతో మీరు పేరు చెప్పిన ప్రతి యూనిట్‌కీ అంగుళం దగ్గరికి చేరాలి. వాటిలో ఒక్కటి అందకపోయినా చార్జ్ మొత్తం ఫెయిల్, ఒక్క మోడల్ (బొమ్మ) కూడా కదలదు. 'పోనీ దగ్గరున్నదాన్ని కొడతాలే' అనడానికి వీల్లేదు.

నాకు ఇది ఎలా తలకెక్కిందంటే, ఎదురుగా 5 అంగుళాల్లో ఒక పదాతి యూనిట్, 8 అంగుళాల్లో ఒక ట్యాంక్. పదాతి ఒక్కదానికే అయితే, అంగుళం దగ్గరికి చేరితే చాలు కాబట్టి, 4 పడితే సరి, అంటే 36లో 33 అవకాశాలు. ట్యాంక్‌ని కూడా కలిపేసరికి 7 కావాల్సొచ్చింది, 36లో 21. ఆశకొద్దీ రెండూ చెప్పాను. పడింది 6. నా వాళ్లు మైదానం మధ్యలో అలాగే నిలబడిపోయారు, తర్వాతి టర్న్‌లో ఆ రెండూ కలిసి కాల్చేశాయి. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: రెండో టార్గెట్ వల్ల కావాల్సిన అంకె 7 దాటితే దాని జోలికి పోను. 8కి 36లో 15 అవకాశాలే, 9 కావాలంటే అవి పదికి పడిపోతాయి. కమాండ్ పాయింట్ (ఆటలో ప్రత్యేక ఎత్తులకి ఖర్చుపెట్టే పాయింట్) పెట్టి రీరోల్ చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ రెండు డైసూ మళ్లీ వేయాల్సిందే, బాగా పడినదాన్ని ఉంచుకోలేరు.

దూరం సరిపోయినా మోడల్స్ సాగదీయడం దగ్గర దెబ్బతింటారు. చార్జ్ అయ్యాక కూడా యూనిట్ విడిపోకూడదు: ప్రతి మోడల్‌కీ 2 అంగుళాల లోపు తన యూనిట్ మోడల్ ఇంకొకటి ఉండాలి, ఏడు లేదా అంతకన్నా ఎక్కువ మోడల్స్ ఉంటే రెండేసి ఉండాలి. పైగా శత్రువు బేస్‌కి (బొమ్మ నిలబడే బిళ్లకి) బేస్ తగిలేలా వెళ్లే వీలున్న మోడల్ అలాగే వెళ్లి తీరాలి. కాబట్టి ఎడమ చివర మోడల్ ఎక్కడ ఆగుతుంది, కుడి చివరది ఎక్కడ, మధ్యలో ఎవరెవరు అన్నది ప్రకటించకముందే మనసులో నిలబెట్టి చూసుకోండి.

పేరు చెప్పని మూడో యూనిట్ ఇంకా ప్రమాదం. దానికి అంగుళం దగ్గరికి వెళ్లకూడదు, దారిలోనైనా సరే. అలాంటి రెండు యూనిట్ల మధ్య సందులోంచి దూరాలనుకోండి: 32 మిల్లీమీటర్ల బేస్ అంటే దాదాపు అంగుళంపావు, అటో అంగుళం ఇటో అంగుళం. మూడుంపావు అంగుళాల పైన ఖాళీ లేకపోతే దారి మూసుకుపోయినట్టే. అడ్డంగా ఉందని దాన్నీ టార్గెట్లలో కలిపేస్తే దారి తెరుచుకుంటుంది, కానీ దాన్నీ అందుకోవాల్సిందే. ఈ బేరం కొన్నిసార్లు గిట్టుబాటవుతుంది, ముఖ్యంగా ఆ అడ్డు యూనిట్ అందరికంటే దగ్గరున్నప్పుడు.

ఓవర్‌వాచ్ గురించి, అంటే మీరు చార్జ్ ప్రకటించగానే ఎదుటివాళ్లు మీ మీద కాల్చడం గురించి, మరీ బెంగపడక్కర్లేదు. 24 అంగుళాల లోపున్న ఒక యూనిట్, టర్న్‌కి ఒక్కసారే, మార్పులేవీ కలపకుండా 6 పడితేనే తగులుతుంది. అయితే ఎవరు చావాలో నిర్ణయించేది కాల్పులు తిన్నవాళ్లే కనుక, ముందు వరసలోని మోడల్స్‌ని కాకుండా వెనకవాళ్లని తీసేయండి. ముందువాళ్లు పోతే డైస్ పడకముందే దూరం పెరుగుతుంది.

నన్నడిగితే అసలు భయపడాల్సింది కొట్లాట మొదలయ్యాక. చార్జ్ చేసినవాళ్లకి ఫైట్స్ ఫస్ట్ (మిగతావాళ్లకన్నా ముందు కొట్టే వీలు) వస్తుంది, నిజమే. కానీ మీరు పట్టుకున్న వాటిలో ఒకదానికి స్వతహాగానే అది ఉంటే, ఆ దశలో ముందు ఎంచుకునేది టర్న్ ఎవరిది కాదో వాళ్లు. అంటే మీకన్నా ముందే దెబ్బ వేస్తారు. అందుకే ఇద్దర్ని పట్టుకునే ముందు ఎదుటివాళ్లని అడగండి, "వీళ్లలో ఎవరికైనా ఫైట్స్ ఫస్ట్ ఉందా?" అని. చెప్పకుండా దాచే ఆట కాదిది. ఇక ట్యాంకుల్ని, రాక్షసుల్ని ముట్టుకుంటే కాల్చడం ఆపేస్తారనుకోకండి. గురి కాస్త తగ్గుతుంది కానీ, కాలుస్తూనే ఉంటారు.

టేప్ పరిచేటప్పుడు ఎదుటివాళ్లని కూడా వంగి చూడమనండి. "ఇది అయిదు, అది ఎనిమిదికి కాస్త తక్కువ, ఒప్పుకున్నారా?" అని అనిపించుకున్నాకే డైస్ చేతిలోకి తీసుకోండి.