మీ ఊరి మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరం ఎలా రాయాలి?

పట్టణంలో ఎక్కడ ఇళ్లు, ఎక్కడ పరిశ్రమలు, ఎక్కడ రోడ్లు రావాలో చూపేది మాస్టర్ ప్లాన్. దాని ముసాయిదా అంటూ వాట్సాప్ గ్రూపులో ఎవరో రంగురంగుల మ్యాపు ఒకటి పెడతారు. "మన చెరువు కింది పొలాలన్నీ ఇండస్ట్రియల్ జోన్‌లో పెట్టారంట" అని దాని కింద ఒక వాక్యం. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర పదిమంది పోగవుతారు. భూములు పోయినట్టేనని ఒకరంటారు, ముసాయిదానే కదా ఏం కాదులే అని ఇంకొకరు. ఇద్దరి మాటా తప్పే. మ్యాపులో గీత పడినంత మాత్రాన పట్టా ఎవరూ లాక్కోరు. భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది, దాని దారి వేరు. అయితే ఆ గీత ఖరారయ్యాక ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడిగితే "ఈ జోన్‌లో కుదరదు" అంటారు, లేదా రోడ్డు కిందకు పోయే భాగాన్ని వదలమంటారు. అప్పుడు దాన్ని మార్పించుకోవాలంటే భూ వినియోగ మార్పిడి దరఖాస్తు, ఫీజులు, జీవో కోసం ఏళ్ల తరబడి తిరగడం. ముసాయిదా దశలో అదే పని ఒక కాగితంతో అయ్యే అవకాశం ఉంది.

కామారెడ్డి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పట్టణం చుట్టుపక్కల పల్లెల పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లోనూ, 100 అడుగుల రోడ్ల కిందా చూపించిన ముసాయిదా మీద అభ్యంతరాలకు 60 రోజుల గడువిచ్చారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాక ఆందోళన ముదిరింది. 2023 జనవరి 5న రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు. జనవరి 20న పురపాలక సంఘం ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో ముసాయిదా వెనక్కి పోయింది. అంతదాకా రాకముందే ఏం చేయొచ్చో చూద్దాం.

1. ముందు ప్రకటన కాగితం సంపాదించండి

వాట్సాప్ మ్యాపును నమ్మి ఏమీ రాయొద్దు. అది పాత ముసాయిదా కావచ్చు, ఏ రియల్ ఎస్టేట్ బ్రోచర్‌లోదో కూడా కావచ్చు. మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద, దినపత్రికల్లో, మున్సిపాలిటీ లేదా పట్టణాభివృద్ధి సంస్థ వెబ్‌సైట్‌లో వచ్చిన అసలు ప్రకటనను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అందులో మీకు కావలసినవి మూడు: ఏ చట్టం కింద ఇచ్చారు, చివరి తేదీ ఎప్పుడు, అభ్యంతరం ఎవరి పేరున పంపాలి.

చట్టం ఎందుకంటే గడువూ పద్ధతీ దాన్ని బట్టే మారతాయి. మున్సిపాలిటీల ప్లాన్లకు 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం ఇంకా నడుస్తోంది. తెలంగాణలో పట్టణాభివృద్ధి సంస్థలకు 1975 చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో వాటికి 2016 చట్టం, అమరావతికి 2014 సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం. ఢిల్లీ 2041 ప్లాన్‌కు 2021 జూన్‌లో 45 రోజులిచ్చి, తర్వాత పొడిగించారు. కాబట్టి పక్క ఊళ్లో రెండు నెలలు ఇచ్చారు కదా అని నిశ్చింతగా కూర్చోవద్దు. మీ ప్రకటనలో ఏముందో అదే లెక్క.

2. ఒక్క మ్యాపు కాదు, రెండు మ్యాపులు చూడండి

ముసాయిదాలో సాధారణంగా రెండు పటాలుంటాయి. ఒకటి ప్రస్తుత భూ వినియోగ పటం, ఇప్పుడు నేల మీద ఏముందో చూపేది. రెండోది ప్రతిపాదిత పటం, రాబోయే ఇరవై ఏళ్లలో ఏముండాలో చూపేది. అందరూ రెండోదాని చుట్టూ మూగుతారు. నా మాట వినండి, మొదటిదాన్ని ముందు తెరవండి.

కారణం చెప్తాను. రెండో పటం మొదటిదాని మీదే నిలబడుతుంది. మొదటిదాంట్లో మీ మామిడి తోట "ఖాళీ భూమి" అని పడితే, రెండోదాంట్లో దాన్ని ఫ్యాక్టరీలకు కేటాయించడం సులువు. శ్మశానం, కుంట, పాత ఇందిరమ్మ కాలనీ, ఊరి గుడి మొదటి పటంలో లేకపోతే రెండోదాంట్లో వాటి మీదుగా రోడ్డు వెళ్తుంది. ముంబైలో 2015లో విడుదలైన 2034 డెవలప్‌మెంట్ ప్లాన్ ముసాయిదాకు పట్టిన గతి ఇదే. ఉన్న కట్టడాలను, వారసత్వ స్థలాలను తప్పుగా గుర్తించారని జనం వేల సంఖ్యలో అభ్యంతరాలు పెట్టారు. ముఖ్యమంత్రి దాన్ని పక్కన పెట్టించారు. సరిచేసిన ముసాయిదా రావడానికి 2016 పట్టింది.

అధికారి ముందు "ఈ విధానం మాకు నచ్చలేదు" అంటే వాదన మొదలవుతుంది. "ఇక్కడ కుంట ఉంది, మీ పటంలో లేదు" అంటే వాదన ఉండదు, ఒప్పుకోవాల్సిందే. నేల మీది తప్పులను ముందు పట్టుకోమని అనేది అందుకే.

పటాలతోపాటు జోనింగ్ నిబంధనల పుస్తకం కూడా అడిగి తీసుకోండి. ఏ జోన్‌లో ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో రాసి ఉండేది దాంట్లోనే. చాలా పటాల్లో నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ప్రభుత్వ కార్యాలయాలూ బడులకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ వాడతారు. అయినా పక్కనున్న సూచిక చూడకుండా రంగును నమ్మొద్దు. వ్యవసాయ జోన్ ఆకుపచ్చకూ పార్కు ఆకుపచ్చకూ తేడా తెలియక గొడవపడ్డవాళ్లను చూశాను.

3. మీ సర్వే నంబరు ఎక్కడ పడిందో తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టే పని ఇదే, తొందరపడకండి. పట్టణ పటం మీద సర్వే నంబర్లు చీమల్లా కనిపిస్తాయి, కొన్నిసార్లు అసలు కనిపించవు. గ్రామ నక్ష తెచ్చుకోండి. ఒక్కో సర్వే నంబరు కొలతలు చూపే పటం (ఆంధ్రలో అయితే ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టీపన్) దొరికితే మరీ మంచిది. మూడు పొలాలు కలిసే చోట రాయి, వాగు మలుపు, చెరువు కట్ట, పాత బండ్ల బాట వంటి గుర్తులను రెండు పటాల్లోనూ వెతికి కలపండి. ఊరి సర్వేయరుకు ఒక పూట కూలి ఇచ్చి కూర్చోబెట్టుకోవడం డబ్బు దండగేమీ కాదు.

పటం స్కేలు తప్పక చూడండి. 1:4000 స్కేలులో ఒక మిల్లీమీటరు గీత నేల మీద 4 మీటర్లు, 1:10,000 స్కేలులో 10 మీటర్లు. అంటే లావుపాటి గీత ఒకటి మీ గెట్టుకు ఇటు పడిందా అటు పడిందా అన్నది ప్రింటు చూసి చెప్పలేం. అలాంటప్పుడు "రోడ్డు నా పొలంలోంచి పోతోంది" అని రాయకండి. "ఈ గీత సర్వే నంబరు ఫలానాలో పడుతుందో లేదో స్పష్టంగా చూపించాలి, పడితే దానిమీద నా అభ్యంతరం ఇది" అని రాయండి.

4. నష్టాన్ని గుంటల్లో, సెంట్లలో లెక్కకట్టండి

"మా భూమి అంతా పోతోంది" అన్న మాటకు ఆఫీసులో విలువ లేదు. ఒక లెక్క వేద్దాం. 100 అడుగుల రోడ్డు మీ చేనులో 200 అడుగుల పొడవున వెళ్తే, పోయేది 20,000 చదరపు అడుగులు. అంటే 2,222 గజాలు. గుంటకు 121 గజాల చొప్పున 18 గుంటల పైచిలుకు, సెంట్లలో దాదాపు 46. రెండెకరాల రైతుకు అది నాలుగో వంతుకు దగ్గర. ఈ ఒక్క లైను పేజీ నిండా గోడు వెళ్లబోసుకోవడం కంటే గట్టిగా మాట్లాడుతుంది.

5. ఒక అభ్యంతరం, ఒక కారణం, ఒక ప్రత్యామ్నాయం

తెలుగులోనే రాయండి. రెండు రాష్ట్రాల్లోనూ తెలుగు అధికార భాష. ఇంగ్లీషులో రాస్తేనే బరువుంటుందని అద్దె లాయరు భాష తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి,
విషయం: ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరం. సూచిక: ఫలానా తేదీ ప్రకటన, పటం షీటు నంబరు ఫలానా.
మా గ్రామం సర్వే నంబరు ఫలానాలో నాకు 2 ఎకరాల పట్టా భూమి ఉంది. ప్రస్తుత భూ వినియోగ పటంలో దీన్ని ఖాళీ స్థలంగా చూపించారు. ఇక్కడ పదిహేనేళ్లుగా బోరు కింద వరి సాగవుతోంది. ప్రతిపాదిత పటంలో 100 అడుగుల రోడ్డు మధ్యలోంచి వెళ్తుండటంతో 18 గుంటలు పోయి, మిగిలినది రెండు ముక్కలవుతుంది. దీనికి ఉత్తరాన 150 మీటర్ల దూరంలో ప్రభుత్వ బండ్ల బాట ఉంది. రోడ్డును దాని మీదుగా మళ్లించగలరు. నా వాదన వినిపించే అవకాశం ఇచ్చి, నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఈ కాగితంలో అసలు బలం చివరి మూడు వాక్యాల్లో ఉంది. "తీసేయండి" అంటే కాదనడం తేలిక. "అక్కడ కాదు, ఇక్కడ వేయండి" అంటే కనీసం ఆ బండ్ల బాట దాకా వెళ్లి చూడాలి.

జత చేయాల్సినవి: పట్టా పాస్‌పుస్తకం నకలు, పహాణీ లేదా అడంగల్, షీటులో మీ చోటును ఎర్ర పెన్నుతో చుట్టిన జిరాక్సు, తేదీ పడేలా తీసిన పొలం ఫోటోలు. కరెంటు బిల్లు ఉంటే బోరు ఉందనడానికి సాక్ష్యం.

భూమి ఉన్నవాళ్లే రాయాలని లేదు. కౌలు రైతు, బడి పిల్లల తల్లిదండ్రులు, ఊరి యువజన సంఘం, ఎవరైనా రాయొచ్చు. అభ్యంతరమే కానక్కర్లేదు, సలహా కూడా ఇవ్వొచ్చు. బస్టాండుకు స్థలం చూపలేదనో, చెరువు చుట్టూ వదలాల్సిన జాగా గీయలేదనో రాయండి. తెలంగాణలో 2012 నాటి జీవో 168 భవన నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటలకు 9 మీటర్లు వదలాలన్న నియమం ఉంది. మీ ఊరి చెరువుకు పటంలో ఆ అంచు కనబడకపోతే అదొక మంచి సలహా. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు, ప్రకటనలో ఇచ్చిన ఈమెయిల్‌కు స్వయంగా పంపొచ్చు. నాన్న సంతకం కోసం ఆగాల్సిన పని లేదు.

6. వందమంది, ఒకే జిరాక్సు: వద్దు

ఊరంతా ఒకే నమూనా మీద సంతకాలు పెట్టి ఇస్తే సంఖ్య కనిపిస్తుంది, విషయం కనిపించదు. పరిశీలించే గుమస్తా వాటన్నిటినీ కలిపి రిజిస్టరులో ఒకే వరుసలో రాసుకోవచ్చు, ఒకే జవాబు ఇవ్వొచ్చు. ఢిల్లీ 2041 ముసాయిదాకు దాదాపు 33 వేల అభ్యంతరాలు, సలహాలు వచ్చాయి. అన్నింటిని ఒక్కొక్కటిగా అదే శ్రద్ధతో చదివే ఓపిక ఎవరికుంటుంది? నమూనా ఒకటే వాడినా ప్రతి రైతూ తన సర్వే నంబరు, తన లెక్క, తన ఫోటో పెట్టాలి. గ్రామసభ లేదా వార్డు సమావేశంలో చేసిన తీర్మానం ఉంటే అది విడిగా ఒక కాగితం.

7. ఇచ్చినట్టు రసీదు లేకపోతే ఇవ్వనట్టే

మా మామగారి పొలం విషయంలో నేను చివరి రోజు సాయంత్రం నాలుగున్నరకు వెళ్లాను. ఊరి పేరు, ఆఫీసు పేరు ఎందుకులెండి. వచ్చిన కాగితాలు తీసుకుని నంబరు వేసే ఇన్‌వర్డ్ సెక్షన్ కుర్చీ ఖాళీగా ఉంది. పక్క బల్ల ఆయన "పెట్టి వెళ్లండి సార్, రేపు ముద్ర వేస్తారు" అన్నాడు. పెట్టి వెళ్లి ఉంటే ఆ కాగితం గడువు తర్వాత వచ్చినట్టయ్యేది. అదే రోజు ఈమెయిల్ పంపి ఉండటం వల్ల గట్టెక్కాం.

అందుకే గడువుకు వారం ముందే వెళ్లండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. వెళ్లలేకపోతే పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కౌంటర్ దగ్గర అక్నాలెడ్జ్‌మెంట్ కావాలని అడగండి. ఈమెయిల్ కూడా పంపండి. మూడూ చేస్తే ఇంకా మంచిది.

8. విచారణకు పిలిస్తే

అయిదు నిమిషాలకు మించి దొరకదు. కుటుంబ చరిత్ర చెప్పొద్దు. షీటు తెరిచి, మీ చోటు మీద వేలు పెట్టి, తప్పేంటో, ప్రత్యామ్నాయం ఏంటో చెప్పి ఆగండి. "స్థలం చూడటానికి ఎప్పుడొస్తారు?" అని అడగండి. వార్డు కౌన్సిలర్‌ను వెంట తీసుకెళ్తే మంచిదే, మాట మాత్రం మీరే చెప్పండి. కౌన్సిలర్‌తో అసలు పని కౌన్సిల్ తీర్మానం రోజున పడుతుంది.

9. తర్వాత వెంటాడాలి

రెండు నెలలు గడిచినా జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "నా ఇన్‌వర్డ్ నంబరు ఫలానా అభ్యంతరంపై తీసుకున్న నిర్ణయం, దానికి కారణాలు రాసిన ఫైలు నోట్ నకలు ఇవ్వండి" అని ఒక్క వాక్యం చాలు. మున్సిపల్ ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. అభ్యంతరాల మీద కమిటీ సిఫార్సులన్నీ ఉన్న పట్టిక కూడా అడగండి. దాంట్లో మీ వరుస ఎదురుగా "పరిగణనలోకి తీసుకోలేదు" అని ఒక్క ముక్క తప్ప కారణమేమీ లేకపోతే, హైకోర్టులో రిట్ వేసే లాయరుకు ముందుగా చూపించాల్సిన కాగితం అదే.

తుది ప్లాన్ జీవో వచ్చాక పాత ముసాయిదా షీటును పక్కన పెట్టుకుని కొత్త షీటులో మీ సర్వే నంబరు మళ్లీ చూడండి. మీ పొలంలోంచి తీసేసిన రోడ్డు పక్కవాళ్ల పొలంలోకి జరిగి ఉండొచ్చు. వాళ్లకు ఆ సంగతి ముందు మీరే చెప్పండి. తర్వాత మీ సర్వే నంబరుకు ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకుని, ముద్ర పడిన ఆ అభ్యంతరం ప్రతితోపాటు పాస్‌పుస్తకం ఉన్న బీరువాలో పెట్టండి.