ఎండీ రేడియేషన్ ఆంకాలజీ సీటుకు ఎలా అప్లై చేయాలి? వైజాగ్ హౌస్ సర్జన్ల కోసం

రేడియేషన్‌తో కేన్సర్‌కి వైద్యం చేసే రేడియేషన్ ఆంకాలజీకని విడిగా అప్లికేషన్ ఏమీ ఉండదు. ఎండీ అయినా, దానికి సమానమైన డీఎన్‌బీ అయినా దారి నీట్ పీజీ ప్రవేశపరీక్షే, ఎంబీబీఎస్ తర్వాత కోర్సు మూడేళ్లు. ఆ పరీక్ష పెట్టే ఎన్‌బీఈఎంఎస్ నోటిఫికేషన్ ఇవ్వగానే వాళ్ల సైట్‌లో అప్లై చేయాలి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలోపు ఇంటర్న్‌షిప్ అయిపోవాలి. పేరు, మొబైల్ నంబర్ లాంటివి ఎడిట్ విండోలో కూడా మారవు, జాగ్రత్త.

అసలు పని ర్యాంకు వచ్చాక మొదలవుతుంది. కౌన్సెలింగ్‌లు రెండు, రిజిస్ట్రేషన్లూ ఫీజులూ వేర్వేరు. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఆలిండియా కోటా కింద కేంద్రం తరఫున ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) చూస్తుంది, డీమ్డ్ యూనివర్సిటీలవీ డీఎన్‌బీవీ కూడా దానివే. మన రాష్ట్ర కోటా మాత్రం విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది.

ఎక్కువమంది ఇరుక్కునేది బీసీ సర్టిఫికెట్ దగ్గర. మన బీసీ-ఏ, బీసీ-డీ సర్టిఫికెట్ స్టేట్ కౌన్సెలింగ్‌కి సరిపోతుంది గానీ ఎంసీసీకి పనికిరాదు, అక్కడ సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, పైగా మీ కులం కేంద్రం జాబితాలో ఉండాలి. ఏ తేదీ తర్వాత తీసుకున్నది చెల్లుతుందో బులెటిన్‌లో చూసుకుని, రిజల్ట్ కోసం ఆగకుండా తీసిపెట్టుకోండి. ఆ టెన్షన్‌లో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది?

వెబ్ ఆప్షన్లలో రేడియో డయాగ్నసిస్ (అందరూ రేడియాలజీ అనేది) దగ్గర్లోనే రేడియోథెరపీ అనో రేడియేషన్ ఆంకాలజీ అనో కనిపిస్తుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో ఒకటి బదులు ఇంకోటి లాక్ చేయకండి, అది స్కాన్లు చదివే బ్రాంచి, ఇది కేన్సర్‌కి వైద్యం చేసే బ్రాంచి.

"రేడియాలజీ రాకపోతే ఇదే" అని లిస్టులో కింద పడేసేవాళ్లు చాలామంది, నాకైతే అది నచ్చదు. లాక్ చేసేముందు సీనియర్లని పట్టుకుని, పర్మిషన్ అడిగి కేజీహెచ్‌లోనో అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రిలోనో ఒక పూట గడపండి. గొంతు కేన్సర్ పేషెంటుకి వేడినీళ్లలో మెత్తబడిన తెల్లటి జాలీ షీటు మొహం మీద పరిచి నొక్కుతారు, అది నిమిషాల్లో గట్టిపడి మాస్కవుతుంది, దాంతో తల కదలకుండా బిగించి వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి రేడియేషన్ ఇస్తారు. డాక్టరు మాత్రం రేడియేషన్ ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో తేల్చేందుకు కంప్యూటర్ ముందు కూర్చుని సీటీలో ఒక్కో స్లైస్ మీద గడ్డ చుట్టూ, వెన్నుపాము చుట్టూ గీతలు గీస్తూ ఉంటాడు. ఓపిక లేనివాళ్లకి కష్టమే. ఇంటి ముందు బోర్డు పెట్టుకుని ప్రాక్టీస్ చేసే బ్రాంచీ కాదు, లీనాక్ అనే రేడియేషన్ మెషీన్, మందపాటి గోడల బంకర్, డోసు లెక్కలు చూసే ఫిజిసిస్ట్, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్స్ ఉన్నచోటే ఉద్యోగం.

ఎంసీసీలో మొదటి రౌండ్ సీటు వద్దనుకుంటే ఫ్రీ ఎగ్జిట్, రెండో రౌండ్‌లో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది. స్టేట్ రూల్స్ వేరు. ఎక్కడ చేరినా ఒరిజినల్స్ కాలేజీ దగ్గరే ఉండిపోతాయి కాబట్టి, ఇంకో కౌన్సెలింగ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే రాజీనామా గడువు కనుక్కున్నాకే ఇవ్వండి.