ఈశాన్య గాలుల కాలంలో దక్షిణ వేట: శ్రీలంక గీత దాటకుండా జాగ్రత్తలు

కృష్ణపట్నం రేవు సుమారు 14°15' అక్షాంశం మీద ఉంది. భారత్, శ్రీలంకల సముద్ర సరిహద్దు గీత మనకు దక్షిణాన, కాస్త తూర్పుకు జరిగి, 10°33' దగ్గర పోతుంది. అంటే 220 మైళ్ళ పైమాటే (ఇక్కడ మైలంటే సముద్రపు మైలు, 1.852 కిలోమీటర్లు). గంటకు 7 మైళ్ళు నడిచే బోటుకు 30 గంటలు దాటుతుంది. అంత దూరం ఎవరు పోతార్లే అనుకోవద్దు. ట్యూనా వెంట దిగే బోట్లు పోతాయి. తమిళనాడు రేవులైన కాశిమేడు, నాగపట్నం బోట్లలో కూలికెక్కే మన జువ్వలదిన్నె, కొత్తపట్నం కుర్రాళ్ళు పోతారు. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 20 మంది ఇలాగే గుజరాత్ బోట్లెక్కి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాఘా దాటి వచ్చింది 2020 జనవరిలో.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కావాలని గీత దాటేవాళ్ళ సంగతి అటుంచండి. ఇంజిను ఆగి, నీటితో కొట్టుకుపోయి దాటేవాళ్ళ గురించే ఈ మాటలు. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా మన తీరం వెంట నీరు ఎక్కువగా ఉత్తరానికి నడుస్తుంది. అప్పుడు ఇంజిను చెడినా నీరు మనల్ని ఇంటివైపే తోస్తుంది. ఈశాన్య గాలి పట్టుకున్నాక ఆ వాలు తిరగబడుతుంది. నవంబరులో గంటకు ఒక మైలు, కొన్నిచోట్ల అంతకు మించి దక్షిణానికి లాగుతుంది. గంటకు మైలంటే రోజుకు 24 మైళ్ళు. గీతకు 20 మైళ్ళ ఎగువన ఇంజిను ఆగితే మర్నాటికి అవతలి దేశంలో ఉంటారు.

గీత ఎక్కడుందో ముందు సరిగా తెలియాలి. 1974 జూన్ ఒప్పందం ఆడమ్స్ బ్రిడ్జి (రామసేతు) నుంచి పాక్ జలసంధి దాకా గీత గీసింది, కచ్చతీవు దీవి శ్రీలంక వైపు పడింది. 1976 మార్చి 23న చేసుకున్న ఒప్పందం మన్నారు సింధుశాఖలోనూ బంగాళాఖాతంలోనూ దాన్ని పొడిగించింది. అప్పుడే మార్చుకున్న లేఖల్లో ఒక దేశపు బోట్లు రెండో దేశపు నీళ్ళలో వేట చేయకూడదని రాసుకున్నారు. కచ్చతీవుకు వెళ్ళొచ్చన్న 1974 నాటి మాటను వేటకు అనుమతి అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని నమ్మి వల వేయకండి.

మనకు పనికొచ్చేది బంగాళాఖాతం ముక్క (కింద ప్రతి జంటలో మొదటి అంకె అక్షాంశం, రెండోది రేఖాంశం). అది 10°05.8', 80°05.0' దగ్గర మొదలై, 10°33.0', 80°46.0' మీదుగా, 11°02.7', 81°56.0' మీదుగా పోయి 11°26.6', 83°22.0' దగ్గర ఆగుతుంది. ఇది తూర్పుకు పోయేకొద్దీ పైకి లేస్తుంది. సరంగులు (బోటు నడిపేవాళ్ళు) మోసపోయేది ఇక్కడే. 10°50' మీద, 80°46' దగ్గర ఉన్న బోటు గీతకు 17 మైళ్ళు ఎగువన ఉంటుంది. అదే అక్షాంశం పట్టుకుని తిన్నగా తూర్పుకు 81°56' దాకా పోతే 12 మైళ్ళకు పైగా శ్రీలంక లోపల ఉన్నట్టే. స్టీరింగ్ తిప్పింది లేదు, దక్షిణానికి అడుగు వేసింది లేదు, అయినా దాటేశారు.

ఈ అంకెలను జీపీఎస్‌లో ఎక్కించేటప్పుడు జరిగే తప్పు ఇంకోటి. 10°33.0' అంటే పది డిగ్రీల ముప్పై మూడు నిమిషాలు. దశాంశాల్లో చూపే ఫోను అదే చోటును 10.55 అంటుంది. ఎవరో కాగితం మీద 10.33 అని రాసిస్తే, దాన్ని డిగ్రీల్లో కొట్టినవాడి గీత 10°19.8' మీదికి, అంటే 13 మైళ్ళు కిందికి జారుతుంది. ఒక్క చుక్క తెచ్చే తేడా అది. సెట్టింగుల్లో డిగ్రీలు, నిమిషాలు, నిమిషాల దశాంశాలు అన్న పద్ధతి పెట్టండి. రేవులోనే బోటు ఉన్న స్థానం చదివి, పక్క బోటు జీపీఎస్‌తో సరిచూసుకోండి.

ఆ నాలుగు బిందువులను రూటుగా పెట్టుకోండి. తర్వాత ఇంకో రూటు చేసి, ప్రతి అక్షాంశంలో డిగ్రీ అంకెకు ఒకటి కలపండి: 10°33.0' కాస్తా 11°33.0', 11°02.7' కాస్తా 12°02.7'. రేఖాంశం ముట్టుకోవద్దు. ఒక డిగ్రీ అంటే 60 మైళ్ళు, అంటే రెండు రోజుల కొట్టుకుపోతకు సరిపడా జాగా. ఈ మూడు నెలలూ మీ గీత అదే. అలారం దానికే పెట్టండి, అసలు గీతకు కాదు. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పెట్టె) బోటులో ఉంటే సరిహద్దు దగ్గరపడగానే అదీ హెచ్చరిస్తుంది. కానీ దాని మీదే భారం వేయకండి, బ్యాటరీ దిగితే అదీ మూగపోతుంది.

ఇంజిను విషయానికొస్తే, నడిసముద్రంలో ఆగే బోట్లలో చాలావరకు డీజిల్‌లో నీళ్ళు కలవడం, ఫిల్టరు పూడుకుపోవడం వల్లే ఆగుతాయి. అలలకు ట్యాంకు అడుగునున్న మడ్డి లేచి పైపులోకి పోతుంది. బయల్దేరే ముందు ట్యాంకు అడుగు బిరడా తీసి ఓ బకెట్ వంచి చూడండి. డీజిల్ ఫిల్టర్లు మూడు, ఉప్పునీటి పంపు ఇంపెల్లరు (లోపలి రెక్కల చక్రం) ఒకటి, ఫ్యాను బెల్టు ఒకటి, విడిగా చార్జి చేసిన బ్యాటరీ ఒకటి తప్పనిసరి. డీజిల్‌లో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి. మిగతాది ముట్టుకోకూడదు. తిరుగు ప్రయాణం గాలికీ నీటికీ ఎదురని గుర్తుంచుకోండి.

ఇంజిను ఆగితే లంగరు మీద ఆశ పెట్టుకోవద్దు. మన తీరంలో సముద్రం త్వరగా లోతైపోతుంది, అక్కడ ఉన్న తాడుకు అడుగు అందదు. నాలుగు మూలలా తాళ్ళు కట్టిన టార్పాలినో, చుట్టిన పాత వలో ముందు కొన నుంచి పొడుగు తాడుతో నీళ్ళలో వదలండి. గాలి తోపుకు అది బ్రేకు పడుతుంది, బోటు మూతి అలకు ఎదురు నిలుస్తుంది. వెంటనే వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానల్లో స్థానం చెప్పండి. దగ్గరి బోట్లు అందుకుని ఒడ్డుకు చేరవేస్తాయి. ఒడ్డున వాళ్ళు కోస్టుగార్డు ఉచిత నంబరు 1554కి చెప్పాలి. సాయంత్రం దాకా బాగుపడుతుందేమో చూద్దాం అనుకుంటే రేయింబవళ్ళు కరిగి 24 మైళ్ళు పోతాయి.

ఇస్కపల్లి నుంచి ఊళ్ళపాలెం దాకా తమిళనాడులోని కడలూరు నుంచి వచ్చే సోనా బోట్లు (పెద్ద మరబోట్లు) మన వలలు చింపితే మనకెంత మండుతుందో, ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా వాళ్ళకు మన దేశపు ట్రాలర్లు చూసినా అంతే మండుతుంది. 2017లో శ్రీలంక అడుగు ట్రాలింగును (సముద్రపు అడుగున వల ఈడ్చే వేటను) నిషేధించింది, 2018లో విదేశీ బోట్లపై జరిమానాలు బాగా పెంచింది. పట్టుబడితే బోటు స్వాధీనం చేసుకుంటారు. మొదటిసారి పట్టుబడిన కూలీలు తరచూ శిక్ష నిలుపుదల మీద బయటపడతారు. రెండోసారి దొరికితే జైలే, సరంగుకూ యజమానికీ ఇంకా గట్టి.

శ్రీలంక నేవీ బోటు దగ్గరికొస్తే ఇంజిను ఆపండి, వలలు కోసి పారిపోవద్దు, జీపీఎస్‌ను నీళ్ళలో పడేయొద్దు. ఇంజిను చెడి కొట్టుకుపోయామని చెప్పడానికి అందులోని ట్రాక్ (బోటు పోయిన దారి) ఒక్కటే సాక్ష్యం. దాన్ని చెరపకండి. అర్థంకాని భాషలో ఉన్న కాగితం మీద దుబాసీ లేకుండా సంతకం పెట్టకండి, జాఫ్నాలోని భారత కాన్సులేట్‌కు చెప్పమని అడగండి. బోటు రిజిస్ట్రేషను, లైసెన్సు, అందరి గుర్తింపు కార్డులు ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. బోటులోని మనుషుల జాబితాలో పేరూ ఆధార్‌లోని పేరూ ఒకేలా లేకపోతే మన దేశస్తుడని తేల్చడానికే వారాలు పడుతుంది. ఆ జాబితా జిరాక్స్ ఒకటి ఊరి కాపు (ఊరిపెద్ద) దగ్గర, ఒకటి మెరైన్ పోలీస్ స్టేషన్లో ఇచ్చి బోటెక్కండి. చివరి నిమిషంలో మనిషి మారితే కాగితం కూడా మార్చి ఇవ్వండి.