వృషణంలో వీర్యకణాలు దొరుకుతాయా? మైక్రో టీసేకు ముందు అంచనా వేసుకునే పద్ధతి

వీర్య పరీక్షలో కణాలు ‘నిల్’ అని వస్తే దాన్ని ఎజూస్పెర్మియా అంటారు. మగవాళ్లలో సుమారు నూటికి ఒకరికి ఈ సమస్య ఉంటుంది. చాలామందికి చివరికి మైక్రో టీసే అనే సర్జరీ చేయించుకోమనే సలహా వస్తుంది. మత్తు ఇచ్చి వృషణాన్ని తెరిచి, మైక్రోస్కోపుతో 15 నుంచి 25 రెట్లు పెద్దదిగా చూస్తూ, లావుగా, తెల్లగా కనిపించే నాళికలను (కణాలు తయారయ్యే చిన్న గొట్టాలను) ఏరి తీస్తారు. వాటిలో కణాలు దొరికితే ఇక్సీకి, అంటే ల్యాబ్‌లో ఒక్కో కణాన్ని సూదితో అండంలోకి పంపే పద్ధతికి వాడతారు. అందరిదీ ఒకటే ప్రశ్న: దొరికే అవకాశం ఎంత? ఏదో ఒక్క రిపోర్టు చూసి దీనికి జవాబు చెప్పలేం. పరీక్షలను సరైన వరసలో చూసుకుంటూ పోతే మాత్రం చాలావరకు తేలుతుంది.

ముందు ఆ ‘నిల్’ నిజమేనా అని తేల్చుకోవాలి. కొన్ని వారాల తేడాతో కనీసం రెండు నమూనాలు ఇవ్వాలి. ప్రతి నమూనానూ సెంట్రిఫ్యూజ్‌లో 3000 జీ బలంతో 15 నిమిషాలు తిప్పి, అడుగున చేరినదంతా వెతకాలి. స్లైడు మీద ఒక్క చుక్క వేసి చూసి రాసిచ్చే ‘నిల్’ ఇక్కడ చాలదు. అడుగున నాలుగైదు కణాలు కనిపించినా వాటిని ఫ్రీజ్ చేసుకోవచ్చు, కొన్నిసార్లు సర్జరీ అవసరమే ఉండదు. ఇదే కారణంతో సర్జరీ రోజు ఉదయం కూడా ఒక నమూనా చూడటం మంచి అలవాటు.

ఈ దశలోనే అడగాల్సిన ఇంకో ప్రశ్న, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు, జెల్, కండలు పెంచే స్టెరాయిడ్లు ఏమైనా వాడారా అని. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (వృషణాన్ని పనిచేయించే హార్మోన్లు) ఆపేస్తుంది, వృషణం పని మానేస్తుంది. ఇది సిగ్గుపడి దాచే విషయం కాదు. డాక్టరు సలహాతో ఆపేస్తే చాలామందిలో 6 నుంచి 12 నెలల్లో కణాలు తిరిగి వస్తాయి, కొందరికి రెండేళ్లు కూడా పట్టొచ్చు. ఈలోగా కోతకు తొందరపడకూడదు.

తర్వాత తేలాల్సింది దారి మూసుకుపోయిందా, లేక తయారీయే లేదా అన్నది. వీర్యం 1.5 మి.లీ. కంటే తక్కువగా ఉండి, ఆమ్లత్వం కనిపించి, ఫ్రక్టోజ్ (వీర్యంలో ఉండాల్సిన చక్కెర) లేకపోతే అడ్డంకిని అనుమానించాలి. డాక్టరు చేత్తో తడిమి వీర్యవాహిక ఉందో లేదో చూడాలి. రెండు వైపులా అది పుట్టుకతోనే లేకపోతే సీఎఫ్‌టీఆర్ (సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బుకు కారణమయ్యే జన్యువు) పరీక్ష చేయాలి, భార్యకు కూడా. ఎఫ్‌ఎస్‌హెచ్ 7.6 ఐయూ/లీ. కంటే తక్కువ, వృషణం పొడవు 4.6 సెం.మీ. కంటే ఎక్కువ అయితే అడ్డంకి అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. అడ్డంకి కేసుల్లో సూదితో తీసినా నూటికి తొంభై మందికి పైగా దొరుకుతాయి, కాబట్టి వాళ్లకు అంచనాల గొడవ పెద్దగా లేదు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ మూడూ బాగా తక్కువగా ఉంటే లోపం పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే గ్రంథి) వైపు ఉన్నట్టు. అప్పుడు కొన్ని నెలల హెచ్‌సీజీ (ఎల్‌హెచ్‌లా పనిచేసే హార్మోన్), ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లతో వీర్యంలోకే కణాలు రావచ్చు. ఇక్కడ చికిత్స ముందు, సర్జరీ తర్వాత.

మిగిలినవి అడ్డంకి లేని కేసులు. అసలు అంచనా అవసరం వీళ్లకే. మైక్రో టీసేలో మొత్తం మీద సగం మందికి అటూ ఇటూగా దొరుకుతాయి. ఆ సగటు మీకు ఎంతవరకు వర్తిస్తుందో కింది విషయాలు చెబుతాయి.

అన్నిటికంటే ముందు జన్యు పరీక్షలు చేయించాలి: కేరియోటైప్ (క్రోమోజోముల లెక్క, ఆకారం చూసేది), వై క్రోమోజోమ్ మైక్రోడిలీషన్ (వై క్రోమోజోమ్‌లో చిన్న భాగాలు పోయాయేమో చూసేది). గట్టిగా ‘వద్దు’ అనగలిగే పరీక్ష ఈ రెండోదే. వై క్రోమోజోమ్‌లో కణాల తయారీకి అవసరమైన భాగాలను ఏజెడ్‌ఎఫ్-ఏ, బి, సి అంటారు. ఏజెడ్‌ఎఫ్-ఏ లేదా ఏజెడ్‌ఎఫ్-బి భాగం పూర్తిగా పోతే కణాలు దొరికే అవకాశం దాదాపు సున్నా, సర్జరీ చేయించుకోవద్దనే చెప్పాలి. బి, సి రెండూ కలిసి పోయినా అంతే. ఒక్క ఏజెడ్‌ఎఫ్-సి మాత్రమే పోతే కథ వేరు: సగం మందికి పైగానే దొరుకుతాయి. కాకపోతే పుట్టే మగపిల్లలకు అదే లోపం వస్తుంది కాబట్టి జెనెటిక్ కౌన్సెలింగ్ తప్పనిసరి. రిపోర్టులో ‘డిలీషన్ ఉంది’ అని మాత్రమే రాసి ఉంటే ఏ భాగం, పూర్తిగానా కొంతేనా అని ల్యాబ్‌ను అడిగి రాయించుకోండి. ఆ ఒక్క మాట తెలియక చేయకూడని సర్జరీ చేసే ప్రమాదం, చేయదగ్గది ఆపేసే ప్రమాదం రెండూ ఉన్నాయి.

కేరియోటైప్‌లో 47,ఎక్స్‌ఎక్స్‌వై, అంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ వస్తే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. వృషణాలు చాలా చిన్నవిగా, ఎఫ్‌ఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఉన్నా వీళ్లలో 40 నుంచి 50 శాతం మందికి దొరుకుతాయి.

ఎఫ్‌ఎస్‌హెచ్ విషయంలో జరిగే పొరపాటు కూడా ఇదే. ‘ఎఫ్‌ఎస్‌హెచ్ 30 ఉంది, ఇక లాభం లేదు’ అనడం తప్పు. ఆ సంఖ్య వృషణం మొత్తం సగటు పనితీరును చూపిస్తుంది. మైక్రో టీసేకు కావలసింది ఎక్కడో ఒక మూల పనిచేస్తున్న చిన్న భాగం. అది ఉందో లేదో ఎఫ్‌ఎస్‌హెచ్ చెప్పలేదు. దీనికి తిరగబడ్డ పరిస్థితి ఇంకా మోసం చేస్తుంది: వృషణం సైజు మామూలుగా, ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగా, అడ్డంకి మాత్రం లేదు. ఇలాంటివాళ్లలో చాలామందికి మెచ్యురేషన్ అరెస్ట్ ఉంటుంది, అంటే కణాలు ఒక దశ వరకు పెరిగి అక్కడే ఆగిపోతాయి. వృషణమంతా ఒకే తీరుగా ఆగిపోతే మైక్రోస్కోపు కింద నాళికలన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఏది ఏరాలో సర్జన్‌కే తెలియదు. మంచి రిపోర్టు చూసి వచ్చిన ధీమా ఇక్కడ పనికిరాదు. ఇన్‌హిబిన్-బి, ఏఎంహెచ్ (వృషణం తయారుచేసే హార్మోన్లు) పరీక్షలు కొంత సమాచారం ఇస్తాయి కానీ కేవలం వాటిని బట్టే నిర్ణయం తీసుకోకూడదు.

పాత ఆరోగ్య చరిత్ర చాలాసార్లు రక్తపరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది. చిన్నప్పుడు వృషణం కిందికి దిగక ఆపరేషన్ జరిగి ఉంటే అవకాశాలు సగటు కంటే మెరుగు, ఆపరేషన్ ఎంత చిన్న వయసులో జరిగితే అంత మంచిది. గవదబిళ్లల తర్వాత వృషణాలు వాచి దెబ్బతిన్నవాళ్లలోనూ ఫలితాలు బాగానే ఉంటాయి. కీమోథెరపీ తర్వాత మాత్రం ఏ మందు, ఎంత మోతాదు అన్నదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఆ చికిత్స కాగితాలు తప్పకుండా తీసుకెళ్లండి.

ఇదివరకు బయాప్సీ జరిగి ఉంటే ఆ రిపోర్టు ఉన్నవాటిలో బలమైన సూచన. హైపోస్పెర్మటోజెనిసిస్ (కణాల తయారీ ఉంది కానీ తక్కువ) అని ఉంటే ఎక్కువమందికి దొరుకుతాయి. మెచ్యురేషన్ అరెస్ట్ అయితే తగ్గుతుంది, సెర్టోలీ సెల్ ఓన్లీ (నాళికల్లో సహాయక కణాలే తప్ప వీర్యకణాలను తయారుచేసేవి లేకపోవడం) అయితే ఇంకా తగ్గి, నలుగురిలో ఒకరికో ముగ్గురిలో ఒకరికో దొరుకుతాయి. అయితే బయాప్సీలో చూసింది ఒక్క చోట తీసిన చిన్న ముక్కే. పక్కనే వేరే రకం కణజాలం ఉండొచ్చు. అందుకే అంచనా కోసమని ప్రత్యేకంగా బయాప్సీ చేయించుకోవడం దండగ.

ఇప్పుడు ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు, ఏఐ మోడళ్లు కూడా వచ్చాయి. వయసు, హార్మోన్లు, వృషణం సైజు ఇస్తే ‘58 శాతం’ లాంటి సంఖ్య చెబుతాయి. దాన్ని నమ్మే ముందు మూడు విషయాలు చూడండి. ఒకటి, తయారుచేసిన ఆసుపత్రి బయట వేరే రోగుల మీద పరీక్షించారా? సొంత డేటా మీద గొప్పగా కనిపించే మోడల్ బయటికి వెళ్లగానే తగ్గిపోవడం మామూలే. రెండు, ఏయూసీ (దొరికేవాళ్లను, దొరకనివాళ్లను మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే కొలత) ఎంత? 0.5 అంటే నాణెం ఎగరేసినట్టే, 1 అయితే తప్పే లేదు. మూడు, మోడల్ 60 శాతం అన్నవాళ్లలో నిజంగా నూటికి అరవై మందికి దొరికాయా? మూడోది చాలా పేపర్లలో కనిపించదు, కానీ మీకు కావలసింది అదే.

సంఖ్య ఏ సర్జరీకి సంబంధించిందో కూడా అడగాలి. సూది పద్ధతి కంటే మామూలు టీసేలో (మైక్రోస్కోపు లేకుండా వృషణం ముక్క తీసే సర్జరీ), దానికంటే మైక్రో టీసేలో ఎక్కువమందికి దొరుకుతాయి. సర్జన్ అనుభవంతో పాటు ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్ కణజాలాన్ని ఎన్ని గంటలు ఓపిగ్గా వెతుకుతారన్నదీ ముఖ్యమే. ‘మీ దగ్గర అడ్డంకి లేని కేసుల్లో మాత్రమే ఎంత శాతం?’ అని విడిగా అడగండి, లేకపోతే అడ్డంకి కేసులు కలిసిన పెద్ద సంఖ్య చెబుతారు. కణాలు దొరకడం వేరు, బిడ్డ పుట్టడం వేరు. భార్య వయసు, అండాల సంఖ్య ఆ రెండో లెక్కను నిర్ణయిస్తాయి.

అంచనా చేతికొచ్చాక దాన్ని ప్లాన్‌లో వాడుకోవాలి. అవకాశం తక్కువ అనిపిస్తే భార్యకు అండాల ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందే సర్జరీ చేయించి, దొరికితే ఫ్రీజ్ చేయడం ఒక దారి. చాలా కొద్ది కణాలే ఉంటే కరిగించాక బతక్కపోవచ్చు, అందుకే కొన్ని చోట్ల అండాలు తీసే రోజే సర్జరీ పెడతారు. అలా పెడితే, దొరకకపోతే ఏం చేయాలో (అండాలు ఫ్రీజ్ చేయడమా, దాత వీర్యమా) ఇద్దరూ ముందే నిర్ణయించుకుని సంతకాలు చేసి ఉంచాలి. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి తీసుకునే నిర్ణయం కాదది.

మొదటిసారి విఫలమైతే రెండో సర్జరీకి కనీసం ఆరు నెలలు ఆగాలి. వృషణం మానడానికి ఆ వ్యవధి కావాలి. ఆ మధ్యలో టెస్టోస్టెరాన్ కొలిపించుకోండి. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లలో సర్జరీ తర్వాత అది బాగా పడిపోయి, పూర్తిగా కోలుకోకపోవచ్చు. నీరసం, కోరిక తగ్గడం కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. ఇంకో ప్రయత్నం చేసే ఉద్దేశం ఉంటే మాత్రం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకోకుండా, వేరే మందు ఏముందో అడగాలి.