లోటస్ కోర్టినాని హిస్టారిక్ రేస్‌కి సిద్ధం చేయాలంటే

పాతకాలపు కార్ల రేసుల్లో (హిస్టారిక్ రేస్) నడపడానికి మొదటి తరం లోటస్ కోర్టినా, అంటే లోటస్ ఇంజిన్ వేసిన 1960ల నాటి ఫోర్డ్ కోర్టినా కారు కొన్నారా? ఇంజిన్ జోలికి వెళ్లకముందే కాగితాల సంగతి చూడండి. ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ పాత కార్ల కోసం పెట్టిన అపెండిక్స్ కె రూల్స్ ప్రకారం బండి ఆ కాలంలో ఎలా పరుగెత్తిందో అలాగే ఉండాలి, దానికి హెచ్‌టీపీ అనే టెక్నికల్ పాస్‌పోర్ట్ కావాలి.

తర్వాత నేరుగా వెనక యాక్సిల్ కిందికి దూరండి. తొలి బండ్లలో వెనక యాక్సిల్‌ని పట్టి ఉంచే, ఏ అక్షరం ఆకారంలోని ఏ-బ్రాకెట్, డిఫరెన్షియల్ హౌసింగ్‌ని (యాక్సిల్ మధ్యలో గేర్లు ఉండే డబ్బాని) లాగీ లాగీ బోల్టులు వదులు చేస్తుంది, ఆయిల్ కారి రబ్బరు బుష్‌ల మీద పడుతుంది, అవి మెత్తబడ్డాయంటే మలుపులో వెనక భాగం ఎటు పోతుందో చెప్పలేం. అందుకే ప్రతి రేస్ తర్వాత అక్కడ శుభ్రంగా తుడిచి, వేలితో తడిమి చూసి, బోల్టుల బిగువు సరిచూడాలి.

1558 సీసీ ట్విన్‌క్యామ్ ఇంజిన్‌లో వాటర్ పంప్ ముందు కవర్‌లోనే ఉంటుంది, మార్చడం పెద్ద పని, కాబట్టి ఇంజిన్ విప్పినప్పుడే కొత్తది వేసేయండి. తొలి బండ్లలో డోర్లు, బానెట్ అల్యూమినియంవి, వాటి మీద ఎవరినీ ఆనుకోనివ్వొద్దు.